కోడి దాణాలో మూలికలు

ఢిల్లీ ఉత్తర భాగమున నున్న ముఖర్జీ నగర్, సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొనుటకై దేశపు నలుమూలల నుండి వచ్చిన యువకులతో నిండియుండును. వారిలో తెలుగువారును గలరు. మాంసము తినువారికి ఎక్కడనైనను సులభముగా దొరకునది బ్రాయిలరు కోడియే. అది ఏమి తిని పెరిగినదో విచారించువారు అరుదు.

2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ ఢిల్లీ, దాని పరిసర పట్టణముల నుండి 70 కోడిమాంసపు నమూనాలను తెచ్చి పరీక్షించెను. నూటికి 40 నమూనాలలో యాంటీబయాటిక్ మందుల అవశేషములు కనబడెను.

ఈ మందులు దాణాలో చేరిన కథ పాతదే. 1940ల చివర అమెరికాలో క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారుచేయగా మిగిలిన పదార్థమును కోడిపిల్లలకు పెట్టగా అవి త్వరగా పెరిగెను. పిమ్మట జబ్బులేని కోళ్ళకు సైతము కొద్దికొద్దిగా మందు పెట్టుట ఆచారమయ్యెను. చిన్న మోతాదుకు క్రిములన్నియు చావవు. మిగిలినవి ఆ మందును తట్టుకొనునవి. అట్టి క్రిములు మనుష్యులకు సోకినచో వైద్యుడిచ్చు మందు పనిచేయకపోవచ్చును. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి పెరుగుదలకై వీనిని దాణాలో కలుపుట మాన్పించెను. ఇతర మందులు పనిచేయనప్పుడు వైద్యులకు కడపటి ఆధారమగు కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని మన ప్రభుత్వము 2019 జూలైలో నిషేధించెను.

అందువలననే వాము, వెల్లుల్లి, పసుపు, నేలవేము, నేల ఉసిరి వంటివానిపై పరిశోధకుల దృష్టి మరలినది. వాములోని థైమాల్, వెల్లుల్లిలోని గంధక పదార్థములు క్రిముల నణచును. ప్రేగులు ఆరోగ్యముగా నున్నచో తిన్న దాణా ఒంటికి పట్టును. అయితే ఫలితములు అన్ని చోట్ల నొక్కతీరున లేవు. ఒక పరీక్షలో బరువు పెంచిన మూలికయే మరియొకచోట ఏ మేలును చేయలేదు. ఇందు వింత లేదు: నేలనుబట్టి, కోసిన కాలమునుబట్టి, ఎండబెట్టిన తీరునుబట్టి మూలికలోని సారము మారును. ఘాటు మితిమీరినచో కోడి దాణా ముట్టకపోవుటయు గలదు.

బ్రాయిలరు ఐదారు వారములలో రెండు కిలోల వరకు తూగుట ముఖ్యముగా జాతివలనను, మాంసకృత్తులు గల దాణావలనను కలుగు గుణము. మూలిక దానికి తోడు మాత్రమే. తడిసిన ఊక పరుపును, ఇరుకును, మురికి నీటిని ఏ మూలికయు సరిదిద్దజాలదు. కోళ్ళకు నిజముగా జబ్బు చేసినప్పుడు పశువైద్యుని సలహాపై మందు వాడి, ఆయన చెప్పిన గడువు ముగిసిన తరువాతనే వానిని అమ్మవలెను.

కొనువారు చేయదగినదియు గలదు. వేడికి మందు అవశేషములన్నియు నశించవు గాని, క్రిములు చచ్చును. కనుక మాంసమును లోపలివరకు బాగుగా ఉడికించవలెను. పచ్చిమాంసమును కుళాయి క్రింద కడిగినచో తుంపరలతో క్రిములు చుట్టును వ్యాపించును. దానిని కోసిన కత్తిని, పీటను సబ్బుతో తోమకుండ కూరగాయలకు వాడరాదు.