ఇంటి బండిలో పోయిన వోల్టుల లెక్క

మన సంఘ సభ్యులు కలిసినప్పుడల్లా మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మీ ఇంటి బండి ఎలా ఉన్నదండీ?" అని. కొందరు కుతూహలంతో అడుగుతారు. కొందరు, ఉన్న మాట చెప్పవలెనంటే, కొంచెం నవ్వుతూ అడుగుతారు. వీధిలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పేకంటె పత్రికలో ఒకసారి వ్రాయడం మేలని సంపాదకులు సలహా ఇచ్చారు. మేము ఆఫీసులో లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలమే గాని ఇంజనీర్లము కాము. అయినా దెబ్బ తిని నేర్చుకొన్న సంగతులు గనుక పదిమందికీ ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మా బావగారూ మేమూ కలిసి 2025 జనవరిలో 2009 నాటి ఒక మినీ బస్సును కొన్నాము. ముందటి యజమాని దానిలో రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ పంపు, దీపాలు, ఫ్యాను అమర్చి ఉంచారు. వెనుకవైపు నేల కింద ఒక పెట్టెలో రెండు కె.వి.ఎ. పెట్రోలు జనరేటరు ఉన్నది. ఇటువంటి బండ్లను అమెరికాలో మోటార్ హోమ్ అంటారు. మన దగ్గర కారవాన్ అంటున్నారు. మా ఇంట్లో పిల్లలు "ఇంటి బండి" అని పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది.

మూడు విద్యుత్తులు

మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. ఇటువంటి బండిలో కరెంటు ఒకటి కాదు, మూడు. ఇంజనును తిప్పేందుకు, బండి దీపాలకు ఒక బ్యాటరీ. ఇంటి దీపాలకు, ఫ్యానుకు, పంపుకు, ఫ్రిజ్ కు 12 వోల్టుల బ్యాటరీ వేరొకటి. ఇంజను తిరిగేటప్పుడు మధ్యనున్న రిలే కలిసి ఈ రెండవ బ్యాటరీ కూడా చార్జి అవుతుంది. ఇంజను ఆగగానే విడిపోతుంది. మూడవది మన ఇళ్ళలో ఉండే 230 వోల్టులు. ఇది జనరేటరు నుండి గాని, సత్రంలో ప్లగ్గు పెట్టుకొన్నప్పుడు బయటినుండి గాని వస్తుంది. ఏది పనిచేయకపోయినా "కరెంటు లేదు" అని ఒకే మాట అనుకొంటే లోపం దొరకదు. మూడింటిలో ఏది ఆగినదో ముందుగా తేల్చుకోవలెను.

మా బండిలో ఫ్రిజ్ ఆగిపోసాగింది. బండి నడుస్తున్నంతసేపు చక్కగా ఉండేది. ఇంజను ఆపిన గంటకో రెండు గంటలకో టక్కున ఆగేది. చూసినవారందరూ "బ్యాటరీ పోయిందండీ, పాతది కదా" అన్నారు. మాకూ అదే సబబనిపించింది. పధ్నాలుగు వేల రూపాయలు పెట్టి 150 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేయించాము. రెండు రోజులు ఊపిరి పీల్చుకొన్నాము. మూడవనాటి రాత్రి ఫ్రిజ్ మళ్ళీ ఆగింది. వేసవి కదా, వేడికి అలసి ఉంటుందని సరిపెట్టుకొన్నాము. అదే మేము చేసిన మొదటి తప్పు.

అన్నవరంలో ఒక రాత్రి

మా అత్తగారికి తిరుపతి మొక్కు ఉన్నది. 2025 మే నెలలో ఆవిడనూ, బావగారి కుటుంబాన్నీ, మా ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకొని బరంపురం నుండి తెల్లవారుజామున బయలుదేరాము. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా సాయంత్రానికి అన్నవరం చేరి, ఒక సత్రం ఆవరణలో బండి నిలుపుకొన్నాము. అత్తగారిది చక్కెర వ్యాధి. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. విప్పని సీసాలు రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచవలెను. ఫ్రిజ్ కొన్న ముఖ్యకారణమే అది.

రాత్రి తొమ్మిది గంటలకు ఫ్రిజ్ ఆగింది. "బాబూ, నా మందు చల్లగా ఉందా?" అని అత్తగారు అడిగారు. "ఉందండీ" అని చెప్పి జనరేటరు తిప్పాము. జనరేటరు తిరిగితే చార్జరు పనిచేస్తుంది, ఫ్రిజ్ కూడా తిరుగుతుంది. కాని ఆ జనరేటరు సరిగా నడవక ఊగిసలాడుతున్నది. చోకు సగం మూసి ఉంచితే తప్ప నిలబడడం లేదు. అలాగే ఉంచి లోపలికి వచ్చాము. ఇంతలో గాలివాన పట్టుకొన్నది. కిటికీలన్నీ మూసివేశాము.

అరగంట గడిచిందో లేదో, మా చిన్నమ్మాయి లేచి కూర్చొని, "నాన్నా, తల పగిలిపోతోంది, వాంతి వచ్చేటట్టుంది" అన్నది. ఎండలో వచ్చాము గదా, వడదెబ్బ అనుకొని మజ్జిగ ఇవ్వబోయాము. అంతలో మా బావగారు కూడా "నాకూ తల తిరుగుతోంది" అన్నారు. ఆ మాట అని ఒక్క క్షణం ఆగి, "అందరూ దిగండి! ముందు దిగండి!" అని కేక వేశారు. వానలోనే అందరినీ సత్రం వసారాలోకి చేర్చి, జనరేటరు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచాము.

బావగారికి జ్ఞాపకం వచ్చినది ఒక పత్రికావార్త. 2024 డిసెంబరులో కేరళలో, కోళికోడ్ జిల్లా వడకర వద్ద ఆగి ఉన్న ఒక కారవాన్ లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. జనరేటరు నుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ బండిలో చేరడమే కారణమని పరీక్షించినవారు తేల్చారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోట తాను చేరి కూర్చుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి — ఇవే దాని హెచ్చరికలు. నిద్రపోతున్నవారికి ఆ హెచ్చరికలు కూడా అందవు. ఆ రాత్రి మా పిల్ల నిద్రపట్టి పడుకొని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకొన్నా చేతులు వణుకుతాయి.

వెంటనే ఆటోలో పిల్లనూ బావగారినీ ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. డాక్టరుగారు కొంతసేపు ఆక్సిజన్ పెట్టించి, సకాలంలో దిగినందువల్ల ప్రమాదం తప్పిందని చెప్పారు. మందు సంగతి కూడా ఆయననే అడిగాము. ఇన్సులిన్ కొన్ని గంటలు బయట ఉన్నంతమాత్రాన పారవేయనక్కరలేదనీ, మరీ వేడి తగలకుండా ఉంచి నెలలోపల వాడుకోవచ్చుననీ, గడ్డకట్టినది మాత్రం వాడరాదనీ అన్నారు. తిరిగి వచ్చేసరికి అత్తగారు సత్రం వారి నడిగి మట్టికుండ తెప్పించి, తడి ఇసుకలో నిలిపి, సీసాలను తడవకుండా డబ్బాలో పెట్టి అందులో దింపి ఉన్నారు. "ఫ్రిజ్ లు లేనినాడు మేము బతకలేదా బాబూ?" అన్నారు. సమాధానం చెప్పలేకపోయాము.

తిరుగుదారి

తెల్లవారిన తరువాత రహదారి పక్కన లారీలకు వైరింగు చేసే ఒక పెద్దాయన షెడ్డుకు బండిని తీసుకువెళ్ళాము. ఆయన ముందు ఏ సామానూ విప్పలేదు. మీటరు తీశారు. ఇంజను ఆపి, ఫ్రిజ్ తిరుగుతుండగా బ్యాటరీ కొసల మీద పెట్టారు: 12.5 వోల్టులు. తరువాత ఫ్రిజ్ వెనుక కొసల మీద పెట్టారు: 10.7 వోల్టులు. "చూశారాండీ గుమాస్తాగారూ? పెట్టెలో డబ్బుంది, దుకాణానికి చేరట్లేదు. మధ్యలో ఒకటీ ఎనిమిది ఎవరో తినేస్తున్నారు" అన్నారు.

ఆ మాట మాకు సూటిగా తగిలింది. ఇది మా వృత్తిలోని పనే! జమాఖర్చులో తేడా వచ్చినప్పుడు పెట్టెను మార్చము. ఓచరు ఓచరూ చూస్తాము. ఆయన మీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండవది ఫ్రిజ్ పాజిటివ్ మీద పెట్టారు. 0.2 వచ్చింది. అంటే వెళ్ళే దారి మంచిదే. తరువాత ఫ్రిజ్ నెగటివ్ మీద ఒక ముల్లు, బ్యాటరీ నెగటివ్ మీద ఒక ముల్లు పెట్టారు. 1.6 వచ్చింది! రెండూ కలిపితే 1.8. లెక్క పైసాతో సరిపోయింది.

"తేడా వెళ్ళడంలో లేదండీ, తిరిగి రావడంలో ఉంది" అన్నారాయన. బండిలో నెగటివ్ కరెంటు చాలాభాగం ఇనుప చాసిస్ గుండానే బ్యాటరీకి తిరిగి వస్తుంది. మా బండి కింద ఎర్తు వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టి ఉన్నది. దాని మీద ఎవరో రంగు కూడా వేశారు. బ్యాటరీ నెగటివ్ ముందుగా విప్పి, ఆ చోటును ఇనుము మెరిసేదాకా గరుకుకాగితంతో రుద్ది, కొత్త లగ్గు, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన వాజలీను పూశారు. మళ్ళీ చూస్తే ఫ్రిజ్ దగ్గర 12.2. ఖర్చు మొత్తం రెండువందల యాభై రూపాయలు!

బండి నడిచేటప్పుడు ఫ్రిజ్ ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే బోధపడింది. ఇంజను తిరిగితే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల వరకు ఉంటుంది. మధ్యలో రెండు పోయినా పన్నెండు మిగులుతుంది. ఇంజను ఆగితే మిగిలేది చాలదు. మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా పడిపోయి, ఫ్రిజ్ తనను తాను ఆపుకొంటుంది. లోపం ఎప్పుడు కనిపిస్తుందో, ఎప్పుడు దాగుతుందో గమనించి ఉంటే పధ్నాలుగు వేలు మా దగ్గరే ఉండేవి.

జనరేటరు మాట

జనరేటరు ఊగిసలాటకు కారణం నెలల తరబడి అందులో నిలిచిపోయిన పెట్రోలు. అది ఎండి కార్బొరేటరు జెట్ లో జిగురు కడుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. జెట్ సగం మూసుకొంటే పెట్రోలు చాలదు. మనం చోకు మూసి నడుపుతాము. గాలి తగ్గి సరిగా కాలక విషవాయువు ఎక్కువగా పుట్టవచ్చును. అది బండిలోకి ఎలా వచ్చిందో కూడా కనిపెట్టాము. పొగగొట్టం బండి అంచు దాటక నేల కిందనే ఆగిపోయింది. సరిగా దానికి పైన, బ్యాటరీ వైర్ల కోసం నేలలో తొలిచిన రంధ్రం మూతలేక ఉన్నది. రూపాయి పనులు రెండు చేయక వదిలివేసిన చోటే మా ప్రాణాలమీదికి వచ్చింది. జెట్ శుభ్రం చేయించి, గొట్టాన్ని అంచు దాటించి, రంధ్రాన్ని మూయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని మంచాల దగ్గర బిగించిన తరువాతనే తిరుపతికి కదిలాము.

ఇటువంటి బండి ఉన్నవారికీ, ఇంట్లో చిన్న జనరేటరు ఉన్నవారికీ మేము విన్నవించేది ఇది:

జనరేటరు కదలకపోతే పెట్రోలు, గాలి వడపోత, ప్లగ్గు, ఇంజను ఆయిలు ఈ వరుసలో చూడండి. ఆయిలు తగ్గితే తనంతట తాను ఆగే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. బండి ఒక పక్కకు ఒరిగి నిలిచినా అలాగే ఆగవచ్చును. ఇంజను తిరుగుతూ కరెంటు మాత్రం రాకపోతే ముందు బ్రేకరు పడిపోయిందేమో చూడండి. రెండు కె.వి.ఎ. అంటే సుమారు పదహారు వందల వాట్ల పని. నీళ్ళు కాచే రాడ్డు ఒక్కటే పదిహేను వందలు తింటుంది. అది పెట్టి మరొకటి వేయరాదు. నెలకొకసారి అరగంట, ఏదైనా బరువు వేసి తిప్పుతూ ఉండండి. చాలాకాలం వాడనప్పుడు పెట్రోలు తీసివేయండి.

బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టండి. చార్జి ఆపి కొన్ని గంటలు ఊరుకొన్న తరువాత 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటె తగ్గితే దాదాపు ఖాళీ. ఫ్యూజు పోతే అదే కొలతది వేయండి. లావు తీగ చుట్టితే వైరే ఫ్యూజు అయి బండి కాలుతుంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. బయటి ప్లగ్గుకు, జనరేటరుకు మధ్య చేంజోవర్ స్విచ్ తప్పక ఉండాలి. రెండూ ఒకేసారి కలవరాదు. మెట్టు మీద కాలు పెడితే చురుక్కుమన్నట్లయితే వెంటనే ప్లగ్గు తీయించి, ఆ చోట ఎర్తు ఉన్నదో లేదో చూపించండి. 230 వోల్టుల పని తెలిసినవారే చేయవలెను. మన చేయి 12 వోల్టుల దగ్గర ఆగవలెను.

అన్నిటికంటె ముఖ్యం: మనుషులు నిద్రపోయే సమయంలో జనరేటరు తిప్పరాదు. ఒకరికి తలనొప్పి అన్నప్పుడే అందరూ దిగవలెను. కారణం తరువాత వెతుక్కోవచ్చును.

మొక్కు తీరింది. అత్తగారు కులాసాగా ఉన్నారు. బండిలో ఇప్పుడు ఫ్రిజ్ రాత్రంతా తిరుగుతున్నది; అయినా ఆవిడ కుండ మాత్రం దింపనివ్వలేదు. మేము ఒక మంచి మీటరు కొని ఇంట్లో ఉంచాము. కావలసిన సభ్యులు ఆదివారాలలో వచ్చి పట్టుకువెళ్ళవచ్చును. రసీదు మాత్రం వ్రాసి ఇవ్వవలెను.