పేరున్న సంస్థా... మంచి గైడా?

బీఎస్సీ అయిపోయింది. ఎమ్మెస్సీ కూడా చివరికొచ్చింది. 'ఇక ఏదో ఒక ఉద్యోగం చూసుకో' అంటారు అమ్మానాన్నలు. 'పీహెచ్‌డీ చేస్తా' అంటుంది కూతురు. ఎక్కడ? ఎన్నేళ్లు? అన్నాళ్లూ డబ్బెవరిస్తారు? వైద్య జీవశాస్త్రాల్లో పరిశోధన చేయాలనుకునే పిల్లలకే కాదు, వాళ్లను కన్నవాళ్లకూ తెలియాల్సిన సంగతులివి.

మంచిర్యాల జిల్లా కాసిపేట. ఓ పక్క సింగరేణి గని, మరోపక్క దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. కాస్త ముందుకెళ్తే మందమర్రి, బెల్లంపల్లి. గోదావరి దాటితే గోదావరిఖని, రామగుండం. ఫస్ట్ షిఫ్టు, నైట్ షిఫ్టు, మస్టరు, అన్‌ఫిట్... ఈ మాటలు ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. నాన్న ఆరోగ్యం దెబ్బతిని గనిలో పనికి 'అన్‌ఫిట్' అని మెడికల్ బోర్డు తేలిస్తే, కారుణ్య నియామకం కింద బిడ్డకు ఉద్యోగం వచ్చే అవకాశముంటుంది. చేతికందే ఉద్యోగాన్ని కాదని మరో అయిదారేళ్లు చదువుతానంటే ఏ ఇంట్లోనైనా చర్చ తప్పదు. అందుకే పీహెచ్‌డీ ఇక్కడ ఒక్కరి నిర్ణయం కాదు, ఇంటిల్లిపాదిదీ.

అలాగని ఈ చదువుకీ ఈ ఊళ్లకీ సంబంధం లేదనుకుంటే పొరపాటే. బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని తెచ్చే న్యుమోకోనియోసిస్, ఉమ్మడి ఆదిలాబాద్ గిరిజన గూడేల్ని వేధించే సికిల్‌సెల్ రక్తహీనత, క్షయ... రోగికి మందిచ్చేది వైద్యుడు. ఆ రోగం ఒంట్లో ఏ కణాన్ని ఎలా దెబ్బతీస్తోందో, ఏ మందు ఎందుకు పనిచేస్తోందో కనిపెట్టేది పరిశోధకుడు. అందుకు ఎంబీబీఎస్సే చదవాలనేమీ లేదు. జువాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ... వీటిలో ఏది చదివినా దారి ఉంది.

ఫెలోషిప్ చేతిలో ఉంటే...

పీహెచ్‌డీ అంటే ఏళ్ల తరబడి ఫీజులు కట్టి చదవడమనుకుంటారు చాలామంది. ఫెలోషిప్ సంపాదించుకుంటే మనకే నెలనెలా డబ్బిస్తారు. దానికి మొదటి మెట్టు జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరు రాసి దాన్ని గెలుచుకోవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 'బెట్', వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్ పరీక్ష కూడా ఇలాంటివే. జేఆర్ఎఫ్ దక్కకపోయినా, నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకు పనికొచ్చేలా 2024లో నిబంధనలు మారాయి.

2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం, తొలి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు. పనితీరు బాగుంటే తర్వాత సీనియర్ ఫెలోగా నెలకు 42,000. ఇంటద్దె భత్యం అదనం. అది కాకుండానే అయిదేళ్లకు లెక్కేస్తే 24 లక్షలు! ఇంటికి భారం కాకుండా చదువుకోవడానికి సరిపోతుంది. కాకపోతే జీతంలా ఠంచనుగా ఒకటో తారీఖున రాదు. నెలల తరబడి ఆలస్యమవుతోందంటూ పరిశోధక విద్యార్థులు ఆందోళనలు చేసిన సందర్భాలున్నాయి. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఫెలోషిప్‌తో మరో లాభమూ ఉంది. దాన్ని గెలుచుకున్న విద్యార్థి గుర్తింపున్న సంస్థల్లో తనకు నచ్చిన గైడు దగ్గరికి వెళ్లి అడగొచ్చు. జీతం కోసం గైడు తన ప్రాజెక్టు నిధులను వెతుక్కోనక్కర్లేదు కాబట్టి, ఎంచుకునే స్వేచ్ఛ విద్యార్థికి దక్కుతుంది. ఇక్కడే ఓ జాగ్రత్త. 'ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్' అనే ప్రకటనలు తరచూ కనిపిస్తుంటాయి. పేరు ఒకటే అయినా అది ఫెలోషిప్ కాదు, ఆ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే ఉద్యోగం. పని నేర్చుకోవడానికి మంచిదే. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇస్తారా లేదా అన్నది మాత్రం చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

రైలు దిగితే చాలు

మంచిర్యాలలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే, దేశంలోనే పేరున్న పరిశోధన సంస్థలు అరడజను దాకా కనిపిస్తాయి. పుష్పమిత్ర భార్గవ చొరవతో 1977లో మొదలైన సీసీఎంబీ కణాలు, జన్యువుల పరిశోధనకు పెట్టింది పేరు. జన్యు వ్యాధుల మీద పనిచేయాలనుకుంటే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. 1918లో కూనూర్‌లో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఆహారానికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని శోధిస్తుంది. కంటి జబ్బులకు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఇంకా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్... బెంగళూరు వెళ్లగలిగితే ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ ఉన్నాయి.

అన్నిచోట్లా రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ కీలకం. బట్టీపట్టిన నిర్వచనాలు అక్కడ పనిచేయవు. 'ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏం చేశావు? ఎందుకలా చేశావు? ఫలితం తలకిందులుగా వస్తే ఏమనుకునేవాడివి?' ఇలా సాగుతాయి ప్రశ్నలు. తెలుగు మీడియంలో చదివామని బెదిరిపోనక్కర్లేదు. చేసిన పనిని చిన్నచిన్న మాటల్లో సూటిగా చెప్పగలిగితే చాలు.

సముద్రం దాటాలంటే

అమెరికాలో ఏటా శరత్కాలంలో మొదలయ్యే బయోమెడికల్ పీహెచ్‌డీకి చాలా చోట్ల ముందటేడాది డిసెంబరులోనే దరఖాస్తు గడువు ముగుస్తుంది. అంటే కసరత్తు వేసవిలోనే మొదలవ్వాలి. జీఆర్ఈ అక్కర్లేదంటున్న విభాగాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. విద్యార్థి రాసే లక్ష్య ప్రకటన, దగ్గరుండి పని చూసిన అధ్యాపకుల సిఫారసు లేఖలు... వీటికే విలువెక్కువ. సీటొస్తే సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, ఉపకార వేతనం, ఆరోగ్య బీమా ఉంటాయి. చాలా చోట్ల మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్నేసి వారాలు పనిచేసి చూసి, ఆ తర్వాతే గైడుని ఎంచుకుంటారు. దీన్నే రొటేషన్ అంటారు. పెళ్లిచూపుల్లాంటిదే అనుకోవచ్చు!

రెండు విషయాలు మాత్రం ముందే తెలుసుకోవాలి. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే శిక్షణ గ్రాంట్లు ఆ దేశ పౌరులకూ శాశ్వత నివాసులకే. అందుకే కొన్ని విభాగాలు విదేశీయులను తక్కువ సంఖ్యలో తీసుకుంటాయి. పైగా 2025లో పరిశోధన నిధుల అనిశ్చితితో యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ ఇచ్చిన ఆఫర్లనే వెనక్కి తీసుకుంది. కాబట్టి ఒక్క దేశాన్నే నమ్ముకోకూడదు. జర్మనీలోని మ్యాక్స్‌ప్లాంక్ సంస్థల పీహెచ్‌డీ స్కూళ్లు, హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ లాంటివీ జాబితాలో ఉండాలి. రెండు మూడు అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి పిలుపొస్తే కంగారు పడనక్కర్లేదు. ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్ మీద ఏప్రిల్ 15 వరకూ విద్యార్థిని తొందరపెట్టకూడదని అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి.

సుబ్బారావు చెప్పే పాఠం

పేరున్న చోట సీటొస్తే అంతా సవ్యంగా జరిగిపోతుందా? వందేళ్ల క్రితం ఇదే దారిలో నడిచిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ వ్యాధి సోదరుల్ని బలి తీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1920ల ఆరంభంలో హార్వర్డ్ చేరారు. ఫెలోషిప్ లేదు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు. సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పడంలోనూ ఆయన పాత్ర ఉంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఫిస్క్ అసూయ వల్లే సుబ్బారావు చేసిన కొంత పని వెలుగు చూడలేదని, అదే ల్యాబులో చదివి తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఆయన సారథ్యంలోని బృందాల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, మెథోట్రెక్సేట్, బోదకాలు నివారణకు ఇప్పటికీ ఇంటింటికీ పంచే డీఈసీ మందు వచ్చాయి. 1948లో కన్నుమూసే నాటికి ఆయన అక్కడ గడిపింది ఎనిమిదేళ్లే. అంతటి ప్రతిభావంతుడికే గొప్ప సంస్థ పేరొక్కటీ సరిపోలేదు. పనిచేయనిచ్చే చోటు, చేసిన పనికి పేరు దక్కనిచ్చే మనుషులూ కావాల్సి వచ్చింది.

చేరేముందు అడగండి

* ఈ గైడు దగ్గర ఇప్పటివరకూ ఎంతమంది పీహెచ్‌డీ పూర్తిచేశారు? సగటున ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో మానేసినవాళ్లున్నారా?

* పూర్తిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? పరిశోధన పత్రాల్లో విద్యార్థి పేరు మొదట ఉంటోందా?

* ల్యాబుకి నిధులు ఎప్పటిదాకా ఉన్నాయి? ఫెలోషిప్ ముగిశాక పని మిగిలిపోతే డబ్బెలా?

* గైడు రిటైర్మెంటుకి ఎన్నేళ్లుంది? మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్త విద్యార్థుల్ని తీసుకోకూడదని 2022 యూజీసీ నిబంధన.

* గైడుతో పొసగకపోతే ల్యాబు మారే వీలుందా?

ఈ ప్రశ్నలకు జవాబులు వెబ్‌సైట్లలో సగమే దొరుకుతాయి. మిగతా సగం ఆ ల్యాబులో ఇప్పుడు చదువుతున్నవాళ్లు చెబుతారు. గైడు పక్కన లేనప్పుడు, ఒకరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని అడగాలి. అందరూ ఒకే మాట చెబితే అది నమ్మదగ్గదే.

కన్నవాళ్లకూ ఒక మాట. పట్టా రాగానే కొలువు సిద్ధంగా ఉండదు. చాలామంది మరో రెండు మూడేళ్లు పోస్ట్ డాక్టోరల్ పరిశోధన చేశాకే అధ్యాపకులుగానో, శాస్త్రవేత్తలుగానో, ఫార్మా కంపెనీల్లోనో స్థిరపడతారు. అందుకే చేతికందే ఉద్యోగాన్ని వదులుకునే ముందు రెండింటిని చూసుకోవాలి. ఫెలోషిప్ వచ్చిందా? గైడెవరో తెలిసిందా? రెండూ ఉంటే పిల్లల్ని ధైర్యంగా పంపొచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా మరో ఏడాది ఆగి ప్రయత్నించడంలో తప్పులేదు. ఆ ఒక్క ఏడాదికి వెనకాడి సరిపడని చోట చేరితే, నష్టపోయేది అయిదేళ్లు.