బ్రెయిన్ సర్జరీ: పుర్రె తెరిచాక మెదడు పక్కకు జరుగుతుందా? కంప్యూటర్ లెక్క ఇదీ..

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకు మెయిన్ రోడ్డు వెంట స్కానింగ్ సెంటర్లు కనిపిస్తూనే ఉంటాయి. మెదడులో గడ్డ అని అనుమానం వస్తే ఎంఆర్ఐ తీస్తారు. పెద్ద ఆస్పత్రుల్లో ఆ స్కాన్‌నే మ్యాప్‌లా స్క్రీన్‌పై పెట్టుకుని ఆపరేషన్ చేస్తారు. దీన్నే న్యూరో నావిగేషన్ అంటారు.

చిక్కు ఎక్కడంటే.. మెదడు చాలా మెత్తన. పుర్రె తెరిచాక చుట్టూ ఉన్న ద్రవం కొంత బయటికి పోతుంది. దాంతో మెదడు కుంగుతుంది. ఒక్కోసారి సెంటీమీటరుకు పైగా జరుగుతుంది. అంటే స్క్రీన్‌పై గడ్డ ఒకచోట, అసలు గడ్డ మరోచోట! దీన్నే 'బ్రెయిన్ షిఫ్ట్' అంటారు. పక్కనే మాటను, చేతులను నడిపించే భాగాలుంటే కొద్ది తేడా కూడా ప్రమాదమే.

మరి కంప్యూటర్ ఏం చేస్తుంది?
స్కాన్‌లోని మెదడును వేల చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఏ ముక్క ఎంత మెత్తనో, ఎంత ఒత్తిడికి ఎంత జరుగుతుందో లెక్కేస్తుంది. ఆపరేషన్ మధ్యలో కెమెరాతోనో, అల్ట్రాసౌండ్‌తోనో పైభాగం ఎంత కుంగిందో కొలుస్తారు. దాన్నిబట్టి లోపలి గడ్డ ఎటు జరిగిందో అంచనా వేస్తుంది. దీని పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి.

అందరి మెదడూ ఒకేలా ఉండదు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు 2019లో 100 మంది భారతీయుల స్కాన్‌లతో బ్రెయిన్ అట్లాస్ రూపొందించారు. పాశ్చాత్యులతో పోలిస్తే మనవాళ్ల మెదడు సైజు సగటున కాస్త తక్కువని తేలింది. అందుకే ఎవరి స్కాన్‌తో వారికే మోడల్ తయారుచేయాలి.

అయినా మోడల్ చెప్పేది అంచనాయే. చివరి నిర్ణయం సర్జన్‌దే.