వేట ఆగే వేళ... చదువు ఊరు దాటే వేళ

ఏప్రిల్ 15 వచ్చిందంటే కళింగపట్నం తీరంలో మరపడవలు ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా 61 రోజులు వేటకు సెలవు. వలలు బాగుచేసుకోవడం తప్ప పెద్దగా పని ఉండదు. చేతిలో డబ్బూ ఆడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లల పరీక్ష ఫలితాలొస్తాయి. పది పాసైన ఇంట్లో ఒక దిగులు, ఇంటర్ పాసైన ఇంట్లో ఇంకో దిగులు. ఎక్కడ చేర్పించాలి?

ఆ ప్రశ్నకు ఊళ్లో పదిమంది పది సలహాలిస్తారు. చేరాక ఎలా నెట్టుకొస్తాడన్నది మాత్రం ఎవరూ అడగరు. అసలు తంటా అక్కడే!

బడిలో ఫస్టు వచ్చిన పిల్లాడే. 'త్వరణం' అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కొత్త క్లాసులో లెక్చరర్ 'యాక్సిలరేషన్' అని గబగబా చెప్పుకుపోతుంటే అది తనకు తెలిసిన త్వరణమేనని గుర్తుపట్టేసరికి బోర్డు తుడిచేస్తారు. లేచి అడుగుదామంటే సిగ్గు. పక్కవాళ్లు నవ్వుతారేమోనని భయం. రెండు వారాలు అలా గడిస్తే ఇక అడగడానికేం మిగలదు, అన్నీ అర్థంకానివే. 'నాకు ఈ చదువు రాదు' అనుకోవడం అప్పుడే మొదలవుతుంది. రానిది చదువు కాదు, దాని కొత్త పేర్లు.

ఈ రోజుల్లో అందరిదీ ఇంగ్లిష్ మీడియమే కదా అనొచ్చు. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా మాష్టారు విడమరచి చెప్పేది, పిల్లలు బుర్రకెక్కించుకునేది చాలా బడుల్లో తెలుగులోనే. డిగ్రీ కాలేజీల్లోనైతే 2021-22 నుంచి రాష్ట్రమంతటా బోధన ఇంగ్లిష్‌లోకి మారింది.

రెండేళ్ల వంతెన

ఈ ఇబ్బందిని ముందే ఊహించి కట్టిన చదువు ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం దాటాక ఎచ్చెర్ల మండలం ఎస్‌ఎం పురంలోని ట్రిపుల్ ఐటీ. పల్లె పిల్లలకు ఇంజినీరింగ్ అందాలని 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న మనిషి. శ్రీకాకుళం ప్రాంగణం 2016లో వచ్చింది. ఇక్కడ చదువు మొత్తం ఆరేళ్లు. పదో తరగతి మార్కులతోనే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత మార్కుల వెసులుబాటు.

మొదటి రెండేళ్లూ ఇంటర్‌తో సమానమైన పీయూసీ. ఆ రెండేళ్లూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంటారు. హాస్టల్ తిండికి, ఇంగ్లిష్ పాఠానికి, ఇంటి బెంగకు అలవాటుపడే గడువన్నమాట. బీటెక్ మొదలయ్యేసరికి చోటు కొత్త కాదు, భాషా మరీ కొత్త కాదు.

అయితే ఆ సీటు ఎందరికొస్తుంది? మిగతావాళ్లంతా ఇంటర్ చదివి డిగ్రీకో, ఇంజినీరింగ్‌కో వెళ్లాల్సినవాళ్లే. వాళ్లకు రెండేళ్ల వంతెన లేదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదట మూడు వారాలు పరిచయ కార్యక్రమం ఉండాలని ఏఐసీటీఈ 2017లో చెప్పింది. డిగ్రీ విద్యార్థుల కోసం యూజీసీ 2019లో 'దీక్షారంభ్' తెచ్చింది. మంచివే. కానీ కొన్నిచోట్ల అవి స్వాగతోపన్యాసాలతోనే ముగిసిపోతాయి.

వంశధార ఎగువన

కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార వెంట పైకి వెళితే, శ్రీముఖలింగం చుట్టుపక్కల పర్వతాలపేట వస్తుంది. 1863లో గిడుగు రామమూర్తి పుట్టిన ఊరు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి, గురజాడ అప్పారావుతో కలిసి చదివి, 1879లో మెట్రిక్ పాసయ్యారు. ఆ పైన కాలేజీకి వెళ్లే వీలు లేక పర్లాకిమిడిలో మాష్టారి ఉద్యోగంలో చేరారు. పాఠాలు చెబుతూనే సొంతంగా చదువుకుని బీఏ పట్టా పుచ్చుకున్నారు. పుస్తకాల భాష జనం భాషకు దూరంగా ఉంటే పిల్లలకు చదువెలా ఎక్కుతుందని తర్వాత జీవితాంతం పోరాడింది ఈ మాష్టారే. అప్పటి గోడ గ్రాంథికం, ఇప్పటి గోడ ఇంగ్లిష్.

పాత పుస్తకాలు పారేయొద్దు

మరి ఈ వేసవిలో ఇంట్లో ఏం చేయొచ్చు? పరీక్షలవగానే పుస్తకాలన్నీ కట్టకట్టి పాతసామాన్ల వాడికి వేసేయడం మనకు అలవాటు. ఈసారి ఆ పని ఆపండి. ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ద్విభాషా పుస్తకాలు వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో. ఇంతకన్నా మంచి నిఘంటువు ఎక్కడ దొరుకుతుంది? రోజుకు ఒక్క పాఠం రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివి, కొత్త పేర్లు ఒక నోట్సులో రాసుకుంటే చాలు. వడి అంటే స్పీడ్, వేగం అంటే వెలాసిటీ, కిరణజన్య సంయోగక్రియ అంటే ఫొటోసింథసిస్. ఇంటర్ పిల్లలకైతే రెండు మీడియాల పుస్తకాలూ సీనియర్ల దగ్గర అడిగితే దొరుకుతాయి.

ఇంకోటి, చూడకుండా సొంత మాటల్లో అర పేజీ రాయడం. గైడు బట్టీపట్టి నెగ్గుకొచ్చిన పిల్లలకు మొదట్లో ఇది చచ్చేంత కష్టం. రాసింది చదివి పెట్టడానికి బడి మాష్టారు సెలవుల్లోనూ కాదనరు. ఇవి కాక బట్టలుతుక్కోవడం, బ్యాంకులో డబ్బు తీసుకోవడం, టీసీకి, కుల ధ్రువపత్రానికి తనే వెళ్లి అడిగి తెచ్చుకోవడం. ఆఫీసు కిటికీ దగ్గర నోరు విప్పిన పిల్లాడు క్లాసులోనూ విప్పుతాడు.

హాస్టల్‌కి ఫోన్ చేసినప్పుడు 'మార్కులెన్ని' అని కాక 'ఈవేళ సార్‌ని ఏం అడిగావురా' అని అడిగే నాన్నలు తక్కువ. తాను చదువుకోలేదు కదా, తనకేం తెలుస్తుందని మొహమాటం. ఆ ప్రశ్న అడగడానికి నాన్నకు చదువు రానక్కర్లేదు. వేట ఆగిన ఈ 61 రోజులూ ఎలాగూ ఇంటిపట్టునే ఉంటాడు. పిల్లాడు రాసుకున్న నోట్సు తెచ్చి, 'ఇదేంటి, నాకు చెప్పు' అని వల అల్లుతూ వినొచ్చు.