అడవి వాకిటి ఊరు



పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, మంచిర్యాలనుండి నిర్మలునకు పోవు త్రోవలో జన్నారము కలదు. కవ్వాల అడవికి అదియొక వాకిలి. ఆ అడవి 1965లో అభయారణ్యమయ్యెను; 2012లో పెద్దపులుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడెను. అడవిని చూడవచ్చువారు మొదట చూచునది మన ఊళ్లనే.

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమందురు. ఊరికి చౌరస్తా, అంగడిచోటు, రావిచెట్టు గద్దె అట్టివి. అవి అందరివి గనుక ఎవరికిని పట్టవు. అంగడి ముగిసిన సాయంకాలము అడవియంచున ఒక యూర నేను చూచితిని: కుళ్లిన కూరలు, ఎంగిలి విస్తళ్లు, వానిచుట్టు కుక్కలు.

ఇందలి కీడు కంపు మాత్రమే కాదు. ఎంగిలి మరిగిన కోతులును అడవిపందులును పిదప పొలముల మీద పడును. కుక్కలు పెరిగి అడవి చొచ్చినచో వాని రోగములు మృగములకు అంటవచ్చును. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో కొలది వారములలోనే ఇరువదికి పైగా సింహములు చచ్చెను. వానిలో కొన్నింటికి డిస్టెంపర్ అను తెగులు సోకినట్లు తేలెను. అది సాధారణముగా కుక్కలకు వచ్చునది.

కావున గ్రామసభలో తీర్మానించి, అంగడినాటి చెత్తను చీకటి పడకముందే ఎత్తించి, కంచెగల ఎరువుగుంతకు చేర్పవలెను. బస్సులు నిలుచుచోట వేప, కానుగ నాటి, త్రాగునీరును, స్త్రీలకు మరుగుదొడ్డియు అమర్పవలెను. సీతాఫలములు తెచ్చి అమ్ము గోండు, కొలాము స్త్రీలకు నీడపట్టు చూపవలెను. అది ఎక్కడ కావలెనో వారినే అడుగవలెను.

చూడవచ్చినవాడు ఒకపూట ఉండి పోవును. మనము నూరేండ్లు ఉండవలసినవారము. చౌరస్తాను మొదట మనకొరకే బాగుచేసికొందము.