విమానపు మైళ్ళ కార్డులు: లాభమా, నష్టమా?



నేడు నేను మనవి చేయబూనిన విషయము మన పల్లెలకు దూరమైనదిగా తోచవచ్చును. క్రెడిట్ కార్డుతో సరకులు కొన్నకొలది మన పేర మైళ్ళో పాయింట్లో జమకట్టి, అవి తగినన్ని పోగైన పిమ్మట విమానపు టిక్కెట్టు నిచ్చెదమని కొన్ని బ్యాంకులును విమానసంస్థలును కలిసి చెప్పుచున్నవి. ఏడాదికి ఒకటి రెండు మారులు తీర్థయాత్రకో, బిడ్డలను చూచుటకో, వినోదమునకో విమానమెక్కు సామాన్యునకు ఇట్టి కార్డు వలన మేలు కలుగునా? ఇదియే ప్రశ్న. నేడు గన్నవరమునను, రేణిగుంటయందును, శంషాబాదునందును విమానములు దిగుచున్నవి. మన పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. వారు సెలవులకు వచ్చి, "నాన్నగారూ, ఈ కార్డు తీసికొనండి, కాశీకి ఉచితముగా పోవచ్చును" అని చెప్పుచున్నారు. కావున ఈ విషయము ఇదివరకే మన గడప దాటి లోనికి వచ్చినది.

నేను వర్తకుడను గాను, బ్యాంకి ఉద్యోగిని గాను. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఈ కార్డు నాకొక పాఠము నేర్పినది. దానిని తరువాత చెప్పెదను. ముందుగా ఈ మైళ్ళు ఎక్కడ పుట్టినవో విన్నవించెదను.

1978లో అమెరికా దేశమున విమానపు చార్జీలపై ప్రభుత్వపు కట్టడి తొలగెను. దానితో సంస్థల నడుమ పోటీ హెచ్చెను. ఒకమారు వచ్చిన ప్రయాణికుడు మరల తమ విమానమునే యెక్కవలెనని 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్సు వారు ‘అడ్వాంటేజి’ యను పథకమును నెలకొల్పిరి. కొలది దినములకే యునైటెడ్ వారును అట్టిదే పెట్టిరి. ప్రయాణము చేసిన మైళ్ళను లెక్కవ్రాసి, అవి చాలినన్ని యైనపుడు ఒక ప్రయాణమును ఊరక యిచ్చుట దీని పద్ధతి. మన ఊరి కొట్టులో సరకు కొన్నవాని వెంటనున్న పిల్లవాని చేతిలో బెల్లపుముక్క పెట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్సు వారు సిటీబ్యాంకితో కూడి కార్డును వెలువరించిరి. అప్పటినుండి విమానమెక్కకున్నను, ఉప్పును పప్పును కొన్నను మైళ్ళు వచ్చు మార్గ మేర్పడెను.

ఊరక వచ్చునది లోకమున ఏదియు లేదని మీకు తెలియును. అట్లయిన ఈ బెల్లమునకు వెల యెవరిచ్చుచున్నారు? బ్యాంకివారు విమానసంస్థకు సొమ్ము చెల్లించి మైళ్ళను కొనుచున్నారు. అది చిన్న వ్యాపారము కాదు. అమెరికాలోని డెల్టా సంస్థకు 2024లో తన కార్డుల ఒప్పందము వలన 700 కోట్ల డాలర్లకు మించి రాబడి వచ్చినది. 2020లో మహమ్మారి వలన విమానములు నిలిచిపోయినపుడు యునైటెడ్ వారు తమ మైళ్ళ పథకమునే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకొనిరి. అప్పిచ్చువాడు తాకట్టుగా అంగీకరించెననగా ఆ వస్తువునకు విలువ యున్నదన్నమాట.

మరి బ్యాంకివారికి ఆ సొమ్ము ఎచ్చటిది? మూడు కాలువలనుండి వచ్చును. మొదటిది వర్తకుడు. మనము కార్డుతో నూరు రూపాయలు చెల్లించిన అతనికి నూరును చేరవు. సుమారు రెండు రూపాయలు దారిలో తగ్గును. బ్యాంకి ఖాతానుండి యు.పి.ఐ. ద్వారా చెల్లించునపుడు 2020 జనవరి మొదలు వర్తకునకు ఇట్టి తరుగు లేదు. అందుచేతనే కొన్ని కొట్లలో కార్డు తీయగానే "రెండు రూపాయలు అదనము" అందురు. అట్లు మనమే ఇచ్చుకొన్నచో వచ్చిన మైళ్ళను మనమే కొనుక్కొన్నట్లయినది. రెండవది సాలుకు కట్టు రుసుము. మూడవది వడ్డీ. ఈ మూడవ కాలువయే లోతైనది.

వడ్డీలెక్క మీకు నేను నేర్పవలసినది కాదు. ‘నూటికి రూపాయి వడ్డీ’ యనగా నెలకు రూపాయి యని మన పల్లెలలో బాలునకును తెలియును. రూపాయి వడ్డీని ధర్మమందుము, రెండు రూపాయలను వాడుక యందుము, మూడు దాటినచో ఆ షావుకారు గుమ్మము తొక్కుటకు వెనుదీయుదుము. మన దేశపు కార్డులలో పెక్కింటికి వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయల ప్రాంతమున నున్నది. అనగా సాలుకు నూటికి 42 రూపాయలు. ఆ వడ్డీపై మరల నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. యను పన్ను కలదు. సాలుకు నూటికి 30 మించి పుచ్చుకొనుట అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషనువారు చెప్పియుండిరి. 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీముకోర్టువారు ఆ తీర్పును కొట్టివైచిరి. కావున ఆ అడ్డుకట్ట యిప్పుడు లేదు.

ఇక లాభనష్టముల లెక్క వేయుదము. కార్డు కార్డునకు నిబంధనలు వేరు గనుక ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదను. మీ చేతిలోని కార్డు అంకెలను ఇందులో పెట్టి చూచుకొనవచ్చును.

ఒక కార్డునకు సాలు రుసుము 3,000 రూపాయలు, దానిపై పన్ను 540, వెరసి 3,540 రూపాయలనుకొందము. నూరు రూపాయల ఖర్చునకు రెండు పాయింట్లు, ఒక్కొక్క పాయింటు విమానపు టిక్కెట్టులో అర్ధరూపాయి విలువ చేయుననుకొందము. అనగా నూటికి రూపాయి బహుమానము. నెలకు 20,000 చొప్పున సాలుకు 2,40,000 రూపాయలు ఖర్చుచేసిన కుటుంబమునకు 4,800 పాయింట్లు, అనగా 2,400 రూపాయల విలువ వచ్చును. ఇచ్చినది 3,540, వచ్చినది 2,400. నష్టము 1,140 రూపాయలు.

కొన్ని కార్డులు ఏటేట ఒక టిక్కెట్టును కూడ నిచ్చును. దాని విలువ 4,000 అనుకొన్నచో నష్టము పోయి 2,860 రూపాయల లాభము కనబడును. కాని అట్టి టిక్కెట్టునకును పన్నులు, విమానాశ్రయపు రుసుములు చాలవరకు మనమే కట్టవలయును. అది గడువులోపల, వారికి సీటు మిగిలిన దినమున, వారి విమానము పోవు ఊరికే చెల్లును. సంక్రాంతికిని దసరాకును అట్టి సీట్లు దొరకుట కష్టము. ఆ యేడు ప్రయాణము పొసగనిచో ఆ నాలుగువేలు కాగితముపై నాలుగువేలే. మరియు రుసుము లేకయే నూటికి రూపాయి నగదుగా తిరిగి యిచ్చు కార్డులు బజారున కలవు. అదే ఖర్చునకు అవి 2,400 రూపాయలు రొక్కముగా నిచ్చును. ఆ రొక్కముతో ఏ విమానపు టిక్కెట్టయినను, రైలు టిక్కెట్టయినను, ఎరువుల బస్తాయైనను కొనవచ్చును. మైళ్ళ కార్డును పోల్చవలసినది ఏమియు లేకుండుటతో గాదు, ఇట్టి కార్డుతో. విమానాశ్రయమున లౌంజి యను గదిలో ఊరక భోజనము పెట్టుదురని మరికొందరు మురియుదురు. సాలుకు రెండుమారులు తినిన ఇడ్లీలకు 3,540 రూపాయలు ప్రియమని నా మనవి.

ఇదంతయు బాకీని ప్రతి నెలయు పూర్తిగా తీర్చినవాని మాట. తీర్చనివాని గతి యేమి? ఇరువది వేల బాకీలో 1,000 మాత్రము కట్టి 19,000 నిలిపియుంచినచో నెలవడ్డీ 665, దానిపై పన్ను సుమారు 120, వెరసి 785 రూపాయలు. మూడు నెలలకు 2,355. అనగా పండ్రెండు మాసములు కూడబెట్టిన పాయింట్ల విలువను మూడు మాసముల అశ్రద్ధ మ్రింగివేయును.

ఇప్పుడు నా పాఠము చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నేనును నా భార్యయు కాశీయాత్రకు సంకల్పించుకొంటిమి. ఒక బ్యాంకివారి కుర్రవాడు వచ్చి, పాయింట్లు మిక్కిలిగా వచ్చునని చెప్పి, నాకొక విమానపు కార్డు ఇప్పించెను. టిక్కెట్లకును, బసకును దానితోనే 40,000 రూపాయలు చెల్లించితిని. యాత్ర సుఖముగా జరిగినది. పిమ్మట వచ్చిన బిల్లులో రెండు మొత్తములు కలవు. ఒకటి పూర్తి బాకీ, రెండవది ‘కనీసము చెల్లించవలసినది’. ఆ నెలకు కట్టవలసిన వాయిదా అదియే కాబోలునని తలచి, రెండు వేల చొప్పున నాలుగు నెలలు తప్పక కట్టితిని. గడువు దాటనీయలేదని లోలోపల గర్వించితిని కూడ. సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి ఆ కాగితములు చూచి నిర్ఘాంతపోయెను. వడ్డీయు పన్నును కలిసి సుమారు ఆరువేలు పడియుండెను. నాకు చేరిన పాయింట్లు 800. ముందు చెప్పిన కొలతతో చూచిన నాలుగువందల రూపాయలు! "ఏమండీ, గంగకన్న వడ్డీయే వడిగా పారినదే" అని నా భార్య యనెను. పదములకు అర్థము చెప్పి జీతము తిన్నవాడను, ‘కనీసము’ అను పదమునకు అర్థము తెలియనివాడ నైతిని. కనీసము కట్టినవాడు జరిమానాను తప్పించుకొనును, వడ్డీని తప్పించుకొనలేడు. అంతేకాదు. బాకీ మిగిల్చినవానికి వడ్డీలేని గడువు పోవును. క్రొత్తగా కొన్న సరకులకు సయితము కొన్న దినమునుండియే వడ్డీ నడచును. నేను విన్న కారణమున మరియొకరు ఆరువేలు పోగొట్టుకొనకున్న చాలునని ఈ సంగతి దాచక చెప్పుచున్నాను.

మరియొక చిక్కు కలదు. పాయింటు రూపాయి వంటిది కాదు. దాని కొలపాత్ర కొట్టువాని చేతిలోనే యుండును. నేడు పదివేల పాయింట్లకు దొరకు టిక్కెట్టునకు రేపు పదునైదువేలు కావలెనన్నను అడుగువాడు లేడు. ఏ ప్రయాణమునకు ఎన్ని మైళ్ళో తెలుపు ధరల పట్టికనే డెల్టావారు 2015లోను, యునైటెడ్ వారు 2019లోను తీసివేసిరి. సంస్థలే నిలువవచ్చును, నిలువకపోవచ్చును. మన దేశమున కింగ్‌ఫిషర్ విమానములు 2012లో ఆగినవి. జెట్ ఎయిర్‌వేసు విమానములు 2019 ఏప్రిల్ 17న ఆగినవి. విస్తారా సంస్థ 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినది. ఈ కడపటి దానిలో జనుల పాయింట్లు క్రొత్త సంస్థకు మార్చబడినవి గాని, తాము కోరి తీసికొన్న సంస్థ పేరు మాత్రము మిగులలేదు. కావున గాదెలో ధాన్యము దాచినట్లు పాయింట్లను ఏండ్లతరబడి దాచుట తెలివి గాదు. వచ్చినవానిని వచ్చినట్లు వాడుకొనవలయును.

అట్లయిన ఈ కార్డు ఎవరికిని తగదా? తగును. ఏటేట మూడు నాలుగు మారులు ఒకే సంస్థ విమానములలో తన సొంత సొమ్ముతో తిరుగువాడు, ప్రయాణదినమును ముందు వెనుకలకు జరుపుకొనగలవాడు, ప్రతి బాకీని గడువులోపల పూర్తిగా తీర్చువాడు, ఈ మూడు లక్షణములును కలవానికి లాభమే. అమెరికాలోనున్న మన బిడ్డలకు లాభమింకను హెచ్చు. అచ్చట క్రొత్తగా కార్డు తీసికొని మొదటి మాసములలో నిర్ణయించిన సొమ్ము ఖర్చుచేసినవారికి 50,000 మైళ్ళవరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఒక్కమారే యిచ్చుచుందురు. ఆ మైళ్ళతో తల్లిదండ్రులకు టిక్కెట్టు కొని పంపుటయు కలదు. కొడుకు అట్లు పంపినచో సంతోషముతో పొండు. కాని అచ్చటి వడ్డీయు తక్కువది కాదు గనుక, "బాకీ నిలుపలేదుగదా నాయనా" అని ఒకమాట అడుగుడు.

ఇక నా సలహా నాలుగు మాటలలో చెప్పెదను. ఏడాదికొకమారు విమానమెక్కువారు రుసుము గల విమానపు కార్డు తీసికొననక్కరలేదు. ఇదివరకే తీసికొన్నవారు పూర్తి బాకీ ఖాతానుండి తనంతట తాను చెల్లునట్లు బ్యాంకిలో వ్రాసి యిచ్చుడు. ఆ కార్డుతో నగదు మాత్రము తీయకుడు, దానికి తీసిన దినమునుండియే వడ్డీ కలదు. విదేశమున వాడునపుడు నూటికి సుమారు మూడున్నర అదనముగా పడుననియు గుర్తుంచుకొనుడు. అక్కరలేదనుకొన్నచో బాకీ తీర్చి, కార్డును మూసివేయుడని వ్రాసి యడుగుడు. 2022లో రిజర్వు బ్యాంకివారు చేసిన నియమము ప్రకారము ఏడు పనిదినములలో దానిని మూసివేయవలయును. ఆలస్యము చేసిన దినమునకు 500 రూపాయల చొప్పున వారే మీకు చెల్లింపవలయును. మీరు కోరక యెవరును మీకు కార్డు పంపరాదనియు ఆ నియమములలో కలదు.

మేము రెండవమారు కాశీకి రైలులో పోయివచ్చితిమి. నెలనెలకు కొంత కొంత డబ్బాలో వేసికొని పోయితిమి. ఆ ప్రయాణమునకు ఒక్క పాయింటును రాలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఏ కాగితమును రాలేదు. ఆ నిశ్చింతకు వెల కట్టుట నాచేత గాదు. ఇంటిలో పిల్లలు ఈ కార్డును గూర్చి మీ యభిప్రాయ మడిగినపుడు, పైని లెక్కను వారిచేతనే ఒకమారు కాగితముపై వేయింపుడని మనవి చేసి విరమించుచున్నాను.