గుట్ట చాటున సరస్సు

బీజింగు నగరమునకు వాయవ్యమున ఒక సరస్సు, దాని ఉత్తరపు గట్టున ఒక కొండ కలవు. ఆ రెండింటిని కలుపుకొని చైనా చక్రవర్తులు నిర్మించిన ఉద్యానమును అక్కడివారు యీహెయువాన్ అందురు. లోకమునకు అది ‘వేసవి ప్రాసాదము’గా పరిచితము. వైశాల్యము సుమారు 290 హెక్టారులు. అందు ముప్పాతిక భాగము నీరే. బీజింగు చూడబోవు యాత్రికులు తమ ప్రయాణపు పట్టికలో దీనికొక పూట కేటాయించి తృప్తిపడుదురు. ఏ నెలలో పోవలెను, ఏ వేళ పోవలెను అను ప్రశ్నలు ఎవరైనను వేసికొందురు. ఏ ద్వారమున ప్రవేశింపవలెనను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. నిజమునకు ముందుగా తేల్చుకొనవలసినది అదియే.

భూగర్భ రైలు నాలుగవ మార్గమున బేగొంగ్‌మెన్ స్టేషనులో దిగినచో ఉత్తర ద్వారము చేరువలోనే ఉండును. దారి సులభము కనుక పెక్కుమంది అటే పోవుదురు. కొండ వెనుకనుండి మెట్లెక్కి శిఖరము చేరగానే సరస్సంతయు ఒక్కసారిగా కాళ్ళక్రింద పటమువలె పరచుకొని కనబడును. దృశ్యము గొప్పదే, సందేహము లేదు. కాని నాటకము మొదలు కాకముందే తెర లాగివేసినట్లగును.

చక్రవర్తుల కాలమున ముఖ్యద్వారము తూర్పున ఉన్నది. అందులకు ఒక స్టేషను ముందుగా షీయువాన్‌లో దిగి కొంత దూరము నడువవలెను. ద్వారము దాటిన పిమ్మట సభామండపము, దాని ముంగిట కంచు మృగములు, చుట్టును ప్రాకారములు, ముదురు వృక్షములు. నీటి జాడ ఎక్కడను లేదు. సరస్సు చూడవచ్చినవాడు తాను మరియొక కచేరీ ఆవరణలో చిక్కుపడితినని విసుగు చెందును. మండపము వెనుక రాళ్ళును చెట్లును పేర్చిన ఒక కృత్రిమపు గుట్ట అడ్డుగా నిలుచును. దానిని చుట్టుకొని కాలిబాట వంపు తిరుగును. ఆ వంపు దాటినంతనే నీరు! గుట్ట అక్కడ ఉన్నది అందులకే. ముందు దాచుట, పిదప చూపుట చైనా ఉద్యానశిల్పులకు పరమ ప్రియమైన ఉపాయము.

అక్కడనే గట్టున ఒక చిన్న మంటపముండును. అందు నిలిచి పడమటికి చూచినచో నీటి కావల కొండల వరుస, ఒక కొండపై సన్నని గోపురము కానవచ్చును. ఆ గోపురము ఉద్యానములోనిది కాదు. ప్రాకారమునకు వెలుపల యూచువాన్ కొండమీదిది. సామాన్య యాత్రికులకు అక్కడ ప్రవేశము లేదు. అయినను అది లేనిదే ఈ తోట పూర్తి కాదు. పరుల సొత్తైన దృశ్యమును అరువు తెచ్చుకొనుట అను ఈ పద్ధతిని 17వ శతాబ్దమున జీ చెంగ్ తన ఉద్యానశాస్త్ర గ్రంథమున వివరించెను.

ఈ గట్టుననే యూలాన్‌తాంగ్ అను భవనము కలదు. 1898లో సంస్కరణలు తలపెట్టిన యువ చక్రవర్తి గ్వాంగ్‌షూను అధికారమునుండి తొలగించి రాజమాత సీషీ బంధించినది. ఆమె ఈ తోటలో విడిది చేసినప్పుడు అతనిని ఇక్కడ ఉంచెడివారు. ప్రక్క గదులలో అడ్డముగా కట్టించిన ఇటుక గోడలు నేటికిని నిలిచియున్నవి. సరస్సు కొన్ని అడుగుల దూరమున ఉన్నది. చక్రవర్తికి గోడ మాత్రమే దక్కినది. ఉత్తర ద్వారమున వచ్చి తొందరగా మరలిపోవు యాత్రికుడు దీనిని ఎరుగడు.

1750లో చ్యెన్‌లుంగ్ చక్రవర్తి తన తల్లి అరువదవ జన్మదినోత్సవమును పురస్కరించుకొని ఈ తోటకు పూనుకొనెను. సరస్సును లోతుచేసి విశాలపరచి, త్రవ్విన మట్టిని కొండపై పోయించెను. పూర్వము హాన్ వంశపు చక్రవర్తి నావికులకు శిక్షణ నిచ్చుటకై త్రవ్వించిన చెరువు పేరైన కున్‌మింగ్ అను నామమునే దీనికి పెట్టెను. ఆ పేరు తరువాతి చరిత్రకు అపహాస్యముగా పరిణమించినది. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనల దండయాత్రలో తోట తగులబడెను. దానిని పునర్నిర్మించి, 1888లో నేటి పేరు పెట్టిన సీషీ, నౌకాదళమునకు చెందవలసిన ధనములో కొంత ఇటు మళ్ళించినది. అది ఎంత అను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. 1893లో ఆమె బాగుచేయించిన రాతి ఓడ 36 మీటర్ల పొడవున ఒడ్డున నిలిచియున్నది. అడుగు రాయి, పై అంతస్తులు పాలరాతివలె రంగు పూసిన కొయ్య. మరుసటి సంవత్సరమే జపానుతో యుద్ధము మొదలై, 1895 నాటికి చైనా ఉత్తర నౌకాదళము నాశనమయ్యెను. కదలని ఈ ఓడ మాత్రము చెక్కుచెదరలేదు.

తూర్పు గట్టునుండి ఈ ఓడవైపు పోవుటకు 728 మీటర్ల నిడివిగల నడవ ఉన్నది. దూలములపై వేలకొలది చిత్రములు. వానిని పరుగున చూచుట వృథా. కొన్నింటివద్ద ఆగుట మేలు. వానరవీరుడు, అతని గురువైన భిక్షువు కనిపించిన చోట తెలుగు విద్యార్థి తప్పక ఆగవలెను. ఆ కథలోని భిక్షువునకు మూలపురుషుడు 7వ శతాబ్దమున మన ధాన్యకటకమును దర్శించిన హ్యూయన్‌త్సాంగే.

ఇక కాలనిర్ణయము. జూలై, ఆగస్టులలో తామరలు విరియును. ఎండ, వాన, జనసమ్మర్దము కూడ అప్పుడే. అక్టోబరు మొదటి వారము జాతీయపు సెలవులు గనుక వర్జ్యము. ఆ పిమ్మట ఆకాశము నిర్మలముగా నుండును. చలికాలమున సరస్సు గడ్డకట్టి పడవలు నిలిచిపోవును. అయినను దక్షిణాయనము ముగియు దినములలో ప్రొద్దు గ్రుంకు వేళ పదునేడు కమానుల వంతెన చూడదగినది. వాలిన సూర్యకిరణములు ప్రతి కమాను లోపలిగోడకును బంగారు పూత పూయును. టిక్కెట్టు ముందుగా తీసికొనవలెను. విదేశీయులకు పాస్‌పోర్టు చేతనుండవలెను.

పూట మాత్రమే వ్యవధి ఉన్నవారు కొండ ఎక్కుట మానుకొన్నను నష్టము స్వల్పమే. తూర్పున ప్రవేశించి, నడవ చివరవరకు నడచి, ఓడ చూచి, పడమటి కరకట్టమీదుగా దక్షిణమునకు పోవలెను. హాంగ్‌జౌ నగరపు పశ్చిమ సరస్సులోని కట్టకు అనుకరణగా కట్టిన ఆ దారిలో ఆరు వంతెనలు, విల్లో చెట్లు, కొద్దిమంది మనుష్యులు. వెనుదిరిగి చూచినచో ఎక్కని కొండ అప్పుడు నీటిలో తలక్రిందుగా కనబడును.